విద్యార్థి చేసిన వెబ్‌సైట్ చూసి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

డిగ్రీ రెండో ఏడాది చదివే ఒక అమ్మాయి తన మినీ ప్రాజెక్ట్ తెచ్చి నా ముందు పెట్టింది. వాళ్లమ్మ ఉన్న డ్వాక్రా సంఘం పెట్టే పచ్చళ్లు అమ్మడానికి వెబ్‌సైట్. తెరవగానే నిండు ఎరుపు, దాని మీద నిండు పసుపు అక్షరాలు. పైన కుడి నుంచి ఎడమకు పరుగెత్తే 'సుస్వాగతం'. దాని కింద ఒకటి పోయి ఒకటి వచ్చే ఆవకాయ, గోంగూర, మాగాయ ఫోటోలు. 'ఎలా ఉంది మేడమ్?' అంది.

'ముందు ఆ రంగులు మార్చమ్మా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అని ఉంటే మర్నాటికి నీలం, తెలుపు వేసుకుని వచ్చేది. వచ్చినవాళ్లకు ధర కనిపించకపోవడం, ఫోన్ నంబరు నొక్కితే కాల్ వెళ్లకపోవడం అలాగే ఉండిపోయేవి. రంగులు ఎందుకు మార్చిందో కూడా ఆమెకు తెలిసేది కాదు. మేడమ్‌కి నచ్చలేదు, అంతే.

ల్యాబ్‌లో పాఠం చెప్పేవాళ్లకు, ప్రాజెక్ట్ గైడ్‌లకు, సీనియర్ విద్యార్థులకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉండగా 'అన్నా, ఒకసారి చూసి చెప్పు' అని ఊరి నుంచి వాట్సాప్‌లో లింకు వచ్చేవాళ్లకు ఇది రాస్తున్నాను. నేను చెప్పేది మొత్తం ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. మనకు ఏది ఇష్టమో కాదు, మనం ఏం చూశామో చెప్పాలి. దిద్దే పని మాత్రం విద్యార్థి చేతిలోనే ఉండాలి.

మొదటి మెట్టు: లింకు తెరవకముందే మూడు ప్రశ్నలు

ఇది ఎవరి కోసం? వాళ్లు వచ్చి ఏం చేసుకుని వెళ్లాలి? పని ఇప్పుడు ఎంతవరకు వచ్చింది?

మొదటి ప్రశ్నకు దాదాపు ప్రతి విద్యార్థీ 'అందరి కోసం' అంటారు. దాంతో సరిపెట్టుకోకండి. 'మీ అమ్మ దగ్గర ఇప్పుడు పచ్చడి కొంటున్నది ఎవరు?' అని అడిగాను. 'హైదరాబాద్‌లో ఉండే మా ఊరివాళ్లు మేడమ్. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపడానికి కొనేవాళ్లు కూడా ఉన్నారు' అంది. ఆ ఒక్క జవాబుతో సగం పని తేలిపోయింది. వచ్చేది నడివయసు దాటిన ఆడవాళ్లు. చేతిలో ఫోన్. కళ్లద్దాలు ఉండొచ్చు, పక్క గదిలో మర్చిపోయి ఉండొచ్చు. ఇంగ్లీషు కన్నా తెలుగు తేలికగా చదువుతారు. ఫారం నింపడం కన్నా ఫోన్ చేసి మాట్లాడటానికే మొగ్గుతారు. ఇక నేను ఏం చెప్పినా ఆ కొనే మనిషి వైపు నుంచి చెప్పగలను.

మూడో ప్రశ్నను చాలామంది అడగరు. పని ఇంకా కాగితం మీద గీతల్లో ఉంటే రంగుల గురించి మాట్లాడి లాభం లేదు. రేపు సబ్మిషన్ పెట్టుకున్న పిల్లతో 'లేఅవుట్ మొత్తం మళ్లీ చెయ్యి' అనడం అన్యాయం. రాత్రంతా మేలుకుని ఉన్నది కూడా చెడగొట్టుకుని వస్తుంది. గడువు దగ్గరైతే ఒక్క రోజులో దిద్దగలిగినవే చెప్పండి. మిగతావి రాసిపెట్టుకుని గడువు దాటాక ఇవ్వండి.

రెండో మెట్టు: పది నిమిషాలు ఏమీ అనకుండా వాడటం

ముందు ఫోన్‌లో తెరవండి. కాలేజీ వైఫై కాకుండా మొబైల్ డేటా మీద. విద్యార్థి ల్యాబ్ కంప్యూటర్‌లో, పెద్ద తెర మీద, ఫైళ్లన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉండగా చూసుకుని ఉంటుంది. అక్కడ అన్నీ బాగానే కనిపిస్తాయి.

ఊరికే అటూ ఇటూ చూడకండి. ఒక పని పెట్టుకోండి. 'అరకిలో గోంగూర ధర తెలుసుకుని ఆర్డర్ పెట్టాలి' అనుకుని మొదలుపెట్టాను. వేలు ఎక్కడ ఆగితే అక్కడ ఒక ముక్క రాసుకున్నాను. నా కాగితం మీద ఉన్నవి ఇవి: ధర కోసం మూడు పేజీలు తిరిగాను. నంబరు కనిపించింది, నొక్కితే ఏమీ కాలేదు, అది ఫోటోలో భాగం. గోంగూర ఫోటో నొక్కబోయేలోపు మాగాయ వచ్చేసింది. 'కేటగిరీస్' అంటే ఏంటో తెరిస్తే గానీ తెలియలేదు. నూనె, కారం ఎక్కడివో రాసింది, చదవాలనిపించింది.

చివరిది మెచ్చుకోలు. అది కూడా అప్పుడే రాసుకోవాలి. తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పే మెచ్చుకోలు మొహమాటానికి చెప్పినట్టే ఉంటుంది.

వీలుంటే ఇంకొకటి చేయండి. ఈ మొత్తం మార్గంలో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది దీని మీదే. వేరే బ్రాంచి విద్యార్థినో, ఆఫీసులో పనిచేసే ఆవిడనో పిలిచి ఫోన్ చేతిలో పెట్టి అదే పని చెప్పండి. సైట్ చేసిన విద్యార్థి పక్కన నిలబడి చూడాలి, ఒక్క మాట కూడా సాయం చేయకూడదు. 'అక్కడ కాదు ఆంటీ, పైన' అనాలని ప్రాణం కొట్టుకుంటుంది. అననివ్వకండి. ఇలాంటి పరీక్షకు ఐదుగురు వాడి చూస్తే చాలు, లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని వెబ్‌సైట్లు వాడటం ఎంత తేలికో పరీక్షించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. ల్యాబ్‌లో ఐదుగురు దొరక్కపోతే ఇద్దరైనా మేలే. ఆ రోజు మా ఆఫీసు ఆవిడ ఫోటోలో ఉన్న నంబరును నాలుగుసార్లు నొక్కింది. నాలుగోసారికి ఆ అమ్మాయే 'అయ్యో' అంది. దాని గురించి నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

మూడో మెట్టు: ఏరుకోవడం

ఇప్పుడు మీ దగ్గర పదిహేనో ఇరవయ్యో ముక్కలు ఉంటాయి. అన్నీ చెప్పేయకండి. బుద్ధిమంతురాలైన విద్యార్థి ఇరవైకీ తలూపి, తేలికైన ఐదు దిద్ది, బరువైనవి వదిలేస్తుంది. తప్పు ఆమెది కాదు, మనం వరుస చెప్పలేదు.

వాటిని మూడు కుప్పలు చేయండి. ఒకటి, పని ఆగిపోయేవి: నంబరు నొక్కితే కాల్ వెళ్లకపోవడం ఇందులోకి వస్తుంది. రెండు, పని జరుగుతుంది గానీ కష్టపెట్టేవి: మూడు పేజీలు తిరగడం, ఫోటోలు ఆలస్యంగా రావడం, చిన్న అక్షరాలు కనిపించకపోవడం. మూడు, నాకు నచ్చనివి. ఈ మూడో కుప్పను నిజాయితీగా విడదీయడం కష్టం. ఎందుకంటే మన ఇష్టాలు 'డిజైన్ సూత్రాలు' అనే చొక్కా తొడుక్కుని వస్తాయి. ఒక పరీక్ష ఉంది. 'దీనివల్ల కొనే ఆవిడకు ఏం ఇబ్బంది?' అని అడుక్కోండి. జవాబు దొరక్కపోతే అది మూడో కుప్పే. నిండు ఎరుపు నా కంటికి ఎక్కువనిపించడం అక్కడికే పోయింది.

మొదటి రెండు కుప్పల్లోంచి మూడే తీసుకోండి, ముందుగా పని ఆపేవాటిని. మిగతావి వచ్చే వారానికి ఉంచండి.

నాలుగో మెట్టు: మాట కట్టడం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. నేను వాడే వాక్యంలో మూడు భాగాలు ఉంటాయి. నేను ఏం చేశాను, ఏం జరిగింది. దానివల్ల వచ్చిన మనిషికి ఏమవుతుంది. ఆపైన నిజంగా జవాబు కావాల్సిన ఒక ప్రశ్న.

'చాలా గజిబిజిగా ఉంది' అనే మాట తీసుకోండి. విద్యార్థి దాంతో ఏం చేయగలదు? ఏది తీయాలో తెలియదు. దాన్ని ఇలా విప్పాను: 'మొదటి పేజీ తెరవగానే నా చూపు నాలుగు చోట్లకు పోయింది. పరుగెత్తే సుస్వాగతం, మారే ఫోటోలు, మెరిసే 'కొత్త' అనే గుర్తు, కింద ఆర్డర్ బటన్. కొనడానికి వచ్చినావిడ వీటిలో ముందు ఏది చూడాలని నువ్వు అనుకున్నావు?' ఆమె ఆలోచించి 'ఆర్డర్ బటన్ మేడమ్' అంది. 'మరి అది ఎన్నోదిగా కనిపించింది?' తర్వాత ఏం చేయాలో నేను చెప్పలేదు.

'నావిగేషన్ బాలేదు' కూడా అలాంటిదే. 'ప్రొడక్ట్స్ నొక్కాను, కేటగిరీస్ వచ్చింది. అందులో వెజ్ నొక్కితే గోంగూర కనిపించింది. ధర దాని లోపల ఉంది. ఎనిమిది రకాల పచ్చళ్లే కదా, ఇన్ని తలుపులు పెట్టడానికి కారణం ఏమైనా ఉందా?' కారణం ఉండొచ్చు. సంఘం వాళ్లు వచ్చే ఏడాది ముప్పై రకాలు పెడతామన్నారేమో. అడిగితేనే తెలుస్తుంది. అందుకే అది జవాబు కోసం అడిగిన ప్రశ్న కావాలి. 'ఇది ఎవరైనా చదవగలరా అసలు?' అనేది ప్రశ్న కాదు, తిట్టు. పిల్లలకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

'ప్రొఫెషనల్‌గా లేదు' అనే మాట మాత్రం పూర్తిగా మానేయండి. అది పేజీ గురించి ఏమీ చెప్పదు. నువ్వింకా ఈ పనికి తగవు అని మాత్రం చెబుతుంది. మొదటి తరం చదువుకున్న ఇంటి నుంచి వచ్చిన పిల్లలను ఆ మాట చాలా కాలం వెంటాడుతుంది.

వాక్యంలో కర్త ఎవరన్నదీ చూసుకోండి. 'నువ్వు ధర దాచేశావు' అంటే మనిషి మీదికి వెళ్లింది. 'ధర మూడో పేజీలో ఉంది' అంటే పేజీ మీద నిలబడింది. తెలుగులో ఇది చాలా సులువు, 'నువ్వు' తీసేసినా వాక్యం నిలుస్తుంది.

మెచ్చుకోలుకూ ఇదే కొలత. 'బాగుంది, వెరీ గుడ్' అంటే ఏం బాగుందో తెలియదు, మళ్లీ చేయలేదు. 'ప్రతి పచ్చడి కింద వాడిన నూనె ఏదో, కారం ఎక్కడిదో రాశావు. కొనేవాళ్లు ఫోన్ చేసి ముందు అడిగేది అదే. అడగకముందే జవాబు ఇచ్చావు' అంటే తన ఏ ఆలోచన పనికొచ్చిందో తెలుస్తుంది. ఒక మెచ్చుకోలు, ఒక లోపం, మళ్లీ ఒక మెచ్చుకోలు అని పేర్చి చెప్పే పద్ధతిని నేను వదిలేశాను. 'బాగుందమ్మా, కానీ' అన్నాక ఆ బాగుంది ఎవరికీ వినపడదు. మెచ్చుకుని ఆగండి. ఆమె ఏమైనా అననివ్వండి. తర్వాత రెండో విషయం ఎత్తుకోండి.

ఐదో మెట్టు: కొలవగలిగిన చోట కొలవడం

మన మాట ఇష్టంలా వినిపించకూడదంటే అంకె చూపించాలి. ఇంకా మంచిది, ఆ అంకె విద్యార్థి చేతనే తీయించాలి.

రంగుల సంగతి చూడండి. అక్షరానికీ వెనకున్న రంగుకూ మధ్య వెలుగు తేడా కొలిచే నిష్పత్తి ఒకటుంది. వెబ్ అందరికీ అందాలని, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో మామూలు అక్షరాలకు అది కనీసం 4.5 ఉండాలి. 24 పిక్సెళ్లు, ఆపైన ఉండే పెద్ద అక్షరాలకు 3 చాలు. నిండు ఎరుపు మీద నిండు పసుపుకు లెక్క 3.7 వస్తుంది. అంటే ఆ అమ్మాయి పెట్టిన పెద్ద శీర్షికలు సరిపోయాయి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న ధరలు సరిపోలేదు. చూడండి, 'రంగులు మార్చు' అనేది సగం అబద్ధం అయ్యేది. లెక్క కట్టే సైట్ తెరిచి ఆమెకే ఇచ్చాను. 'పసుపు కుంకుమ అనుకుని పెట్టాను మేడమ్, తీయాలా?' అంది. 'తీయకుండా 4.5 దాటించగలవేమో చూడు' అన్నాను. ఎరుపును కొద్దికొద్దిగా ముదురు చేస్తూ పోయింది. రంగు కోడ్ 990000 దగ్గర నిష్పత్తి 8 దాటింది. కుంకుమ ఇంకా కుంకుమలాగే ఉంది.

ఫోటోల బరువు కూడా అంతే. ఫోన్‌తో తీసిన ఫోటో ఒక్కోటి 4 ఎంబీ, అలాంటివి 12. మొత్తం 48 ఎంబీ. సెకనుకు 1 మెగాబిట్ వచ్చే సిగ్నల్ మీద అవన్నీ దిగడానికి ఆరు నిమిషాలు దాటుతుంది. ఈ గుణకారం విద్యార్థి చేత కాగితం మీద చేయించండి. తర్వాత ఫోటో వెడల్పు వెయ్యి పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫోటో ఫార్మాట్‌లోకి మార్చి చూడమనండి. చాలావరకు ఒకటి రెండు వందల కేబీలకు దిగుతుంది, ఆవకాయ ఎరుపు ఏమీ తగ్గదు. క్రోమ్‌లో ఉన్న, పేజీ వేగం లాంటివి కొలిచే లైట్‌హౌస్ అనే పరికరం కూడా నడిపించొచ్చు. పేజీలో పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు కనిపించడం మంచి వేగమని గూగుల్ లెక్క. అయితే ఆ పరికరం ఇచ్చే అంకె కోసం పరుగెత్తనివ్వకండి. ధర దొరకడం లేదన్న సంగతి దానికి తెలియదు.

బటన్ల కొలత ఆ ప్రమాణాల్లోనే 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో ఉంది, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లు. వేలికి హాయిగా ఉండాలంటే 44. పరుగెత్తే అక్షరాల మీద కూడా ఒక నియమం ఉంది. తనంతట తానే మొదలై 5 సెకన్లకు మించి కదిలే దేన్నైనా ఆపుకునే వీలు ఇవ్వాలి. ఆ పరుగుకు వాడే మార్క్యూ ట్యాగును హెచ్‌టీఎంఎల్ ప్రమాణం పాతబడిందని ఎప్పుడో పక్కన పెట్టింది. మన ల్యాబ్ రికార్డుల్లో మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, కాబట్టి అది వాడినందుకు పిల్లలను తప్పు పట్టకండి.

ఆరో మెట్టు: తెలుగు పేజీ అయితే వేరే కళ్లతో చూడాలి

డిజైన్ గురించి మనం చదువుకునేదంతా దాదాపు ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని రాసింది. తెలుగు పేజీ మీద అవే సలహాలు ఇస్తే తప్పు దారి పట్టిస్తాం. నేను వరుసగా చూసేవి చెబుతాను.

అన్నిటికన్నా ముందు, అక్షరాలు నిజంగా అక్షరాలేనా? విద్యార్థులు చాలామంది ప్రెస్‌లో వేయించిన కరపత్రంలోని మాటలు తెచ్చి అతికిస్తారు. డీటీపీ వాళ్లు అను లాంటి పాత ఫాంట్లతో కొట్టి ఉంటే, తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల గడుల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని చోట అదంతా అర్థంలేని గుర్తులుగా మారుతుంది. అన్ని భాషల అక్షరాలకూ విడివిడి అంకెలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు 128 గడులు విడిగా ఉన్నాయి, మాటలు అక్కడ ఉంటేనే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగా కనిపిస్తాయి. గుర్తులు చూసి బెదిరిన విద్యార్థి ఏం చేస్తుంది? కరపత్రాన్నే ఫోటో తీసి పెట్టేస్తుంది. ఆ పచ్చళ్ల సైట్ అమ్మాయి చేసింది అదే, నంబరు ఫోటోలో ఇరుక్కుపోయింది అందుకే. ఈ కథ తెలియకపోతే 'ఇంత చిన్న విషయం తెలియదా' అనేస్తాం. తెలిస్తే 'ఈ మాటలు ఎక్కడ నుంచి తెచ్చావు?' అని అడుగుతాం. ఫోటోలో ఉన్న మాటలను గూగుల్ తేలికగా పట్టుకోలేదు, చూపు లేనివారికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవలేదు, పెద్దది చేస్తే మసకబారతాయి. మళ్లీ టైపు చేయడం ఒక పూట పని. అది మొదటి కుప్పలోని సూచన.

తర్వాత వరుసల మధ్య ఎడం. 'రాష్ట్రం', 'స్త్రీ', 'వస్త్రం' లాంటి మాటల్లో వత్తులు కిందికి దిగుతాయి, కింది వరుస గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషుకు సరిపోయే, అక్షరం సైజుకు 1.2 రెట్ల ఎడం ఇస్తే రెండూ కొట్టుకుంటాయి. 1.6 దగ్గర మొదలుపెట్టి చూడమనండి.

బొద్దు అక్షరాల సంగతి ఎవరూ చెప్పరు. మండలి అనే తెలుగు ఫాంటుకు ఒకే మందం ఉంది. దానికి బోల్డ్ పెడితే బ్రౌజరే గీతలను లావు చేస్తుంది, వత్తుల్లో ఖాళీలు పూడిపోతాయి. శీర్షికకు రామభద్ర లాంటి పుట్టుకతోనే లావైన ఫాంటు, లోపలి మాటలకు మండలి పెట్టి చూపిస్తే విద్యార్థికి ఆ తేడా కంటితో తెలుస్తుంది. ఏటవాలు అక్షరాలు తెలుగు అచ్చులో మనకు అలవాటు లేనివి, నొక్కి చెప్పడానికి వేరే దారి వెతకమనండి. పేజీ రూపం చెప్పే సీఎస్ఎస్‌లో ఇంగ్లీషు ఫాంటు పేరొక్కటే ఉంటే ప్రతి ఫోన్ తన సొంత తెలుగు ఫాంటు వేసుకుంటుంది. అందుకని రెండు మూడు రకాల ఫోన్లలో చూడాలి. హెచ్‌టీఎంఎల్‌లో పేజీ భాష తెలుగని చెప్పిందా అన్నదీ చూడండి, స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలో అక్కడే తెలుసుకుంటుంది.

ఆఖరుగా మాటలు. అనువాద యంత్రానికి ఇచ్చి తెచ్చిన మెనూల్లో హోమ్ బదులు 'ఇల్లు' అని నేను చాలాసార్లు చూశాను. 'మమ్మల్ని సంప్రదించండి' చిన్న బటన్‌లో పట్టక రెండు ముక్కలవుతుంది. 'ఫోన్ చేయండి' పడుతుంది, ఏం జరుగుతుందో కూడా చెబుతుంది. 'ఈ మాట మీ అమ్మ నోట ఎలా వస్తుంది?' అని అడగండి. పిల్లలకు నవ్వొస్తుంది, మంచి మాట కూడా వస్తుంది.

ఏడో మెట్టు: మౌస్ ముట్టుకోవద్దు

ఒకసారి నేను ఈ నియమం తప్పాను. సబ్మిషన్‌కు రెండు రోజులు ఉందని, ఒక అబ్బాయి కుర్చీలో నేనే కూర్చుని గంటలో అతని పేజీ అంతా సర్దేశాను. చాలా బాగా వచ్చింది. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ 'ఈ మెనూ ఇలా ఎందుకు పెట్టావు?' అని అడిగితే ఆ అబ్బాయి నా వైపు చూశాడు. అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అది అతని పని కాకుండా చేసింది నేను.

చూపించాల్సి వస్తే వేరే ఖాళీ ఫైల్‌లో చూపించండి. ఒక బటన్ ఎలా దిద్దాలో అక్కడ చేసి, ఆ ఫైల్ మూసేసి, మిగతా బటన్లు తనను చేయమనండి.

మార్కుల గురించి

సూచనలూ మార్కులూ ఒకే రోజు ఇవ్వకండి. రూత్ బట్లర్ 1988లో ఇజ్రాయెల్ బడిపిల్లల మీద చేసిన అధ్యయనంలో, వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగయ్యారు. వ్యాఖ్యలతోపాటు మార్కులు కూడా అందుకున్నవాళ్లకు ఆ మేలు దక్కలేదు. ల్యాబ్‌లో రోజూ కనిపించేదీ అదే. ఇరవైకి పద్నాలుగు అని చూశాక కింద రాసింది ఎవరూ చదవరు, పక్కవాడికెంత వచ్చిందో చూస్తారు. ముందు సూచనలు, తర్వాత ఒక వారం గడువు, దిద్దిన పని మీద మార్కులు. యూనివర్సిటీ క్యాలెండర్ ఒప్పుకోదంటే కనీసం రెండు రోజుల తేడా అయినా పెట్టండి.

కష్టంగా నడిచే సందర్భాలు

అన్నిటికీ 'సరే మేడమ్' అనేవాళ్లు ఎక్కువ. మన తరగతుల్లో ఎదురు మాట్లాడటం మర్యాద కాదని పెంచాం కదా. 'అర్థమైందా?' అని అడగొద్దు, అవునంటారు. 'ఇంటికెళ్లాక ముందు ఏది మొదలుపెడతావు? ఎలా?' అని అడగండి. తన మాటల్లో చెప్పలేకపోతే నేను సరిగా చెప్పలేదని లెక్క. నా మూడు సూచనల్లో ఒకదాన్ని కారణం చెప్పి కాదనొచ్చని కూడా ముందే చెబుతాను. మొదట్లో ఎవరూ కాదనరు. నెల తర్వాత ఒకరిద్దరు అంటారు. అప్పటి నుంచి ఆ గదిలో మాటలు నిజమైనవి అవుతాయి.

టెంప్లేట్ దించుకుని పేరు మార్చి తెచ్చినా, ఏఐతో రాయించి తెచ్చినా కోప్పడటంతో మొదలుపెట్టకండి. 'ఇందులో నువ్వు మార్చింది ఏది? ఎందుకు?' అని అడిగి, ఒక చిన్న మార్పు మీ ముందే చేయమనండి. పచ్చళ్ల పక్కన బరువు ఎంచుకునే గడి ఒకటి పెట్టమనండి చాలు. చేయగలిగితే అది తనదే. చేయలేకపోతే ఎక్కడ నుంచి నేర్పాలో మీకు తెలిసింది. కాలేజీ నియమం ప్రకారం చెప్పాల్సింది ఉంటే అది విడిగా, స్పష్టంగా చెప్పండి.

అరవై మంది ఉన్న ల్యాబ్‌లో ఇదంతా ఎక్కడ కుదురుతుందని మీరు అడగొచ్చు. అందరికీ పూర్తిగా కుదరదు. నేను ముగ్గురేసి గుంపులు చేసి, ఒకరి సైట్ ఇద్దరు ఫోన్‌లో వాడి మూడు ముక్కలు రాసేలా పెడతాను. 'బాలేదు', 'బాగుంది' రాయకూడదు, చూసింది రాయాలి. నేను ఆ కాగితాలు చూసి, పని ఆగిపోయే లోపాలున్న వాళ్ల దగ్గర మాత్రం కూర్చుంటాను. అందరి ముందూ ప్రొజెక్టర్ మీద ఒకరి పేజీ పెట్టి లోపాలు చెప్పడం ఎంత తొందరలో ఉన్నా చేయకండి. అలా చూపించాలంటే మీరు చేసిన పేజీ పెట్టండి.

వాట్సాప్‌లో చెప్పాల్సి వస్తే స్క్రీన్‌షాట్ మీద సున్నా చుట్టి, ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపండి. రాతలో 'ధర ఎక్కడ?' అన్నది కసిరినట్టుంటుంది, గొంతులో ఉండదు.

మళ్లీ చూడటం

వారం తర్వాత చూసేటప్పుడు ముందు ఆ మూడే చూడండి. కొత్త లోపాలు కనిపిస్తాయి. అవి ఎత్తే ముందు ఏం మారిందో, ఆ మార్పు వల్ల ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పండి.

ఆ అమ్మాయి తిరిగొచ్చింది. నంబరు నొక్కితే కాల్ వెళ్లింది. ఎనిమిది పచ్చళ్లూ మొదటి పేజీలోనే, పావుకిలో, అరకిలో, కిలో ధరలతో ఉన్నాయి. ఫోటోలు నా ఫోన్‌లో వెంటనే వచ్చాయి. ముదురు కుంకుమ మీద పసుపు. 'సుస్వాగతం' మాత్రం ఉంది. పరుగు ఆపి, పైన మామిడాకుల తోరణం గీసి దాని మధ్యలో పెట్టింది. 'అది తీయను మేడమ్, మా అమ్మ అడిగి పెట్టించుకుంది. కదలడం ఆపేశాను, ఇప్పుడు చూపు బటన్ మీదికే పోతోంది, ఇంట్లో ముగ్గురి చేత వాడించి చూశాను' అంది. తర్వాత నేను అడగకుండానే ఫోన్ నా వైపు తిప్పింది. 'ఆ ముగ్గురిలో ఇద్దరు అమెరికాకి పంపుతారా అని అడిగారు. పేజీలో ఆ జవాబు ఎక్కడా లేదు. మీరు కూడా చెప్పలేదు. ధరల కింద పెట్టనా, ఫోన్ నంబరు పక్కన పెట్టనా?'